వాడు పనిదొంగ కాడు

మహేశ్వరి తన బిడ్డను కొట్టింది ఒక్కసారే. మంచిర్యాల రైల్వే స్టేషన్‌లో, రెండో ప్లాట్‌ఫారానికి దాటే వంతెన మెట్ల మీద, పదిమంది చూస్తుండగా.

ఆ రోజు వాళ్లు వరంగల్‌లో పెళ్లికి పోవాలి. బండి వస్తున్నదని మైకులో చెప్తున్నారు. మహేశ్వరి భర్త నిరంజన్ సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని ముందే అవతలికి దాటాడు. ఆమె తల్లి దుర్గవ్వ, అరవై మూడేళ్ల మనిషి, ఆమె కూడా కొంగు నడుముకు దోపుకుని చకచకా ఎక్కేసింది. పద్నాలుగేళ్ల భూమిక మాత్రం పదో మెట్టు మీద కూర్చుండిపోయింది.

"లే భూమీ, బండొస్తుంది."

"జర ఆగమ్మా. కాళ్లు గుంజుతున్నయి."

"పది మెట్లకే గుంజుతయా? అమ్మమ్మ ఎక్కింది, సూడు."

"నాకు చాతనైతలేదమ్మా."

అప్పుడు కొట్టింది, చెంప మీద. "పనిదొంగ వేషాలు నా దగ్గర నడువయ్" అని వంతెనంతా వినపడేలా అరిచింది కూడా. భూమిక ఏడవలేదు. లేవడానికి చూసింది. మోకాళ్లు వణికి మళ్లీ కూర్చుంది. అవతల బండి వచ్చింది, నిలబడింది, పోయింది.

పైనుంచి దుర్గవ్వ అంతా చూసింది. దిగి వచ్చి మనవరాలి పక్కన మెట్టు మీద కూర్చుని, పిల్ల తలను ఒళ్లోకి తీసుకుంది. కూతురి ముఖం చూడకుండానే అంది. "ఆ మాట దాన్ని అనకు."

కొట్టినందుకు ఏమీ అనలేదు. ఆ మాట గురించే అంది. ఇంట్లో ఆ మాట ఎవరిదో మహేశ్వరికి తెలుసు.

అది ఆమె అన్న విజయేందర్‌ది. ఆమె కంటే మూడేళ్లు పెద్ద. చొప్పదండి పక్కన ఊరు వాళ్లది. తండ్రి భీవండిలో మగ్గాల పనికి పోయి ఏడాదికోసారి వచ్చేవాడు. రెండెకరాల పొలం, ఇద్దరు పిల్లలు, బర్రె, అన్నీ దుర్గవ్వ మీదే. మగపిల్లవాడు చేతికి అందివస్తాడని ఆమె ఆశ. కానీ విజయేందర్ ఏ పని చెప్పినా సగంలో కూర్చునేవాడు. బిందె సగం దూరం తెచ్చి దించేవాడు. బర్రె వెనక నడిచి నడిచి కాలువ గట్టున చతికిలబడేవాడు. బర్రె పోయి ఎవరి చేలోనో పడేది. బళ్లో సారు వాణ్ణి నలుగురిలో నిలబెట్టి, "వీడు పరుగు పందెంల కూసునేటోడు" అని నవ్వించేవాడు. ఊరంతా పనిదొంగ అంది. దుర్గవ్వ కూడా అంది. చింతబరిగె చూరులో చెక్కి ఉండేది.

వాడికి పదమూడేళ్లప్పుడు, నాట్ల రోజుల్లో, ఒక పొద్దున కూడా బరిగె కిందికి దిగింది. కూలీలకు అన్నం గంప నెత్తిన పెట్టి, "యాడ కూసోకు, వాళ్లు ఆకలితోని ఉన్నరు" అని పంపింది దుర్గవ్వ. ఊరి చివర దాటాక వాడు పడిపోయాడు. కాళ్లు చేతులు కొట్టుకున్నాయి, నోట నురగ వచ్చింది. గంప బోర్లా పడింది. పరుగెత్తుకొచ్చిన దుర్గవ్వ నోట మొదట వచ్చిన మాట, "అన్నమంత మట్టిల పోసినవ్ గదరా" అన్నది. ఆమె వెనకే ఉరికొచ్చిన పదేళ్ల మహేశ్వరి ఆ మాట వింది.

ఐదో రోజు కరీంనగర్ దవాఖానలో వాడు పోయాడు. మెదడువాపు అన్నారు. ఆ తర్వాత దుర్గవ్వ మళ్లీ ఎవరినీ కొట్టలేదు. మహేశ్వరిని చదివించింది, టీచరును చేసింది. భర్త పోయాక కూతురి దగ్గరికే వచ్చి, శ్రీరాంపూర్ బొగ్గుగని కాలనీ క్వార్టర్‌లో భూమికను తన చేతుల మీద పెంచింది. పనిదొంగ అన్న మాట వాళ్ల మధ్య మళ్లీ వినపడింది రైల్వే స్టేషన్‌లోనే.

*

రెండు నెలలకు భూమిక బళ్లో ప్రార్థన జరుగుతుంటే పడిపోయింది. కాళ్లు చేతులు కొట్టుకున్నాయి. తెలివి వచ్చాక కుడి కంటికి సగం కనబడడం లేదంది. మంచిర్యాలలో చూపించారు, కరీంనగర్‌లో చూపించారు. అక్కడి నుంచి హైదరాబాద్ తోలారు. తలకు స్కానింగ్, రక్తం, మూత్రం, అన్నీ తీసుకుని పంపించారు. చూపు నెమ్మదిగా తిరిగి వచ్చింది. దసరా సెలవులు అయిపోయాక రిపోర్టులు వచ్చాయి, రమ్మన్నారు.

డాక్టరమ్మ పేరు అంబ్రీన్. నలభై ఏళ్లుంటాయి. నిరంజన్‌ను భూమిక దగ్గర బయట కూర్చోమని, తల్లిని ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. మాట్లాడుతూనే కాగితం మీద బొమ్మ వేయసాగింది.

"మీరేం చేస్తరమ్మా?"

"టీచర్ని మేడమ్. లక్సెట్టిపేటల. బయాలజీ చెప్త."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. కాగితం మీద అప్పటికే పొడుగాటి చిక్కుడుగింజ లాంటి ఆకారం, దాని లోపల మడతలు సగం వరకు పడ్డాయి. పదహారేళ్లుగా మహేశ్వరి నల్లబల్ల మీద గీస్తున్న బొమ్మే అది.

"మైటోకాండ్రియా" అంది మహేశ్వరి.

"అవునమ్మా. తక్లీఫ్ గక్కడ్నే ఉంది." డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మీకు చెప్పుడు అల్కగ ఉంటది అనుకున్న. లేదు, మీకే కష్టం."

మహేశ్వరికి పాఠమంతా వచ్చు. ఆకు ఎండను పట్టి చక్కెరగా మారుస్తుంది. ఆ చక్కెర వరిగింజలో పిండి పదార్థంగా నిలువ ఉంటుంది. మనం తింటే కాలేయంలోకి, కండరాల్లోకి, కొవ్వులోకి చేరుతుంది. కానీ తిండిలో ఉన్న శక్తి దానంతటది చెయ్యిని ఎత్తదు, కాలును కదపదు. ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా దాన్ని ప్రాణవాయువుతో కలిపి కొంచెం కొంచెంగా విడగొట్టాలి. అప్పుడు ఎటిపి తయారవుతుంది. ఒంటికి పనికొచ్చేది అదే. అది దాచిపెట్టుకునేది కాదు. అప్పటికప్పుడు పుట్టాలి, అప్పటికప్పుడే ఖర్చు కావాలి. మనిషి రోజంతా పుట్టించి ఖర్చు చేసే ఎటిపి తూకం వేస్తే ఇంచుమించు ఆ మనిషి బరువంత ఉంటుందని ఆమె ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేది. వాళ్లు నోళ్లు తెరిచేవారు.

భూమిక ఒంట్లో అది సరిగ్గా పుట్టడం లేదు. పిల్ల తింటున్నది, ఊపిరి తీసుకుంటున్నది, కానీ కణం ఆ రెండింటినీ కలపలేక మధ్యలోనే వదిలేస్తున్నది. వదిలేసింది లాక్టిక్ ఆమ్లంగా రక్తంలో పేరుకుంటున్నది. అందుకే నాలుగు అడుగులకే కాళ్లు గుంజడం, వాంతులు, ఎత్తు పెరగకపోవడం. మెదడుకు శక్తి చాలనప్పుడు మూర్ఛ.

"మందులున్నయి, జర ఆసరైతయి" అంది డాక్టరమ్మ. "నయం చేసేటివి లెవ్వు. మీకు అబద్ధం చెప్ప. ఆకలితో ఉంచొద్దు, ఉరికించొద్దు, జ్వరం రానియ్యొద్దు. జ్వరమొస్తే ఒంటికి శక్తి ఎక్కువ కావాలె. ఈ బిడ్డ దగ్గర అది ఉండదు." కాసేపు ఆగి, "ఇంకోటి. మీకు తెలిసే ఉంటది, ఇది…"

"తల్లి నుంచే వస్తది" అని మహేశ్వరే పూర్తి చేసింది.

అది కూడా ఆమె క్లాసులో చెప్పే ముచ్చటే. మీ ఒంట్లో ఉన్న మైటోకాండ్రియా అంతా మీ అమ్మ ఇచ్చిందే, ఇందులో నాన్న వాటా సున్నా అంటే, ఆడపిల్లలు చప్పట్లు కొట్టేవారు.

"మీ అమ్మగారికి షుగర్ ఉందా?"

"ఉంది."

"చెవులు వినిపిస్తయా?"

"గట్టిగ చెప్తెనే. పదేండ్ల సంది."

డాక్టరమ్మ రాసుకుంటున్నది. "అవి గూడ దీంట్లయే అయి ఉంటయి. మీ తోడబుట్టినోళ్లు?"

"అన్న ఉండె. పదమూడేండ్లకు పోయిండు. ఫిట్స్ వచ్చి…"

చెప్తూ చెప్తూనే ఆగిపోయింది. కాలువ గట్టు మీద కూర్చున్న విజయేందర్, బిందె దించి రొప్పుతున్న విజయేందర్, చూరులో బరిగె. డాక్టరమ్మ పెన్ను ఎత్తి ఆమె వంక చూసింది. మంచినీళ్ల గ్లాసు ఇటు జరిపింది. ఒకే తల్లి పిల్లలైనా మంచి మైటోకాండ్రియా ఎన్ని, చెడ్డవి ఎన్ని ఎవరి వంతుకు వస్తాయో ముందే ఎవరూ చెప్పలేరని, మీకు చెడ్డవి తక్కువ వచ్చాయని, ఆయనకు ఎక్కువ వచ్చి ఉంటాయని మెల్లగా చెప్పింది.

బయటికి వచ్చేసరికి నిరంజన్ ఎదురొచ్చాడు. "ఏమన్నరు?"

బిడ్డ సంగతి చెప్పాలి. కానీ మహేశ్వరి నోట వచ్చిన మొదటి మాట అది కాదు.

"మా అన్న పనిదొంగ కాడు" అంది, ఆసుపత్రి గోడకు ఆనుకుని, వెక్కి వెక్కి ఏడుస్తూ.

*

దుర్గవ్వకు చెప్పొద్దని ఇద్దరూ అనుకున్నారు. "అత్తమ్మ తట్టుకోలేదు" అన్నాడు నిరంజన్. "పోయినోడు ఎట్లా రాడు. తెలిసి ఏం చేస్తది?"

భూమికకు మాత్రం చెప్పక తప్పలేదు. ఆ పిల్ల పుస్తకాలు చదివే పిల్ల. ఒక ఆదివారం పొద్దున, క్వార్టర్ వెనక మునగచెట్టు కింద కుర్చీ వేసుకుని, పదో తరగతి పుస్తకం ఒళ్లో పెట్టుకుని, తల్లి అంతా చెప్పింది, మేనమామ సంగతితో సహా. భూమిక మధ్యలో ఎక్కడా ఆపలేదు.

"అంటే ఇంట్ల బియ్యం బస్తాలున్నయి, పొయ్యి మండుతలేదు. గంతేనా?"

"గంతే బిడ్డా."

"మరి చెట్లకు గిట్ల అయితదా? వాటికి గూడ ఉంటది గదా మైటోకాండ్రియా?"

"ఉంటది. వాటికి గూడ అయితది. గసొంటి మొక్కలు ఎక్కువ పెరగయి."

భూమిక మునగచెట్టును కిందికీ పైకీ చూసింది. "ఇది మాత్రం మంచిగనే పెరిగింది దొంగది" అని నవ్వింది. మహేశ్వరికి నవ్వు రాలేదు. మూడు నెలలుగా గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"స్టేషన్ల నిన్ను కొట్టిన గదా భూమీ. నాకు తెల్వదు బిడ్డా. తెలిస్తే…"

"బండి పోయిందని కొట్టినవ్. నాకు గూడ మస్తు కోపమొచ్చింది. నేను గా దినమంత నీతోని మాట్లాడలే, నువ్వు సూడనే లేదు" అంది భూమిక. ఆ తర్వాత తల్లి ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక, ఆమె ఒళ్లోంచి పుస్తకం తీసి తను చదువుకోవడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం దుర్గవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"మహేశూ, దీనికైన రోగమే వానికైందా?"

మహేశ్వరి చేతిలో దువ్వెన ఆగిపోయింది. "కాదవ్వా" అంది మెల్లగా.

"ఆఁ? ఏమన్నవ్?"

మళ్లీ చెప్పాల్సి వచ్చింది. దుర్గవ్వకు వినపడాలంటే అరవాలి. "కాదవ్వా! వానిది వేరే! వానిది మెదడువాపు!" అని అరిచింది. పక్క క్వార్టర్ షకీలా వాకిలి ఊడుస్తున్నదల్లా ఆగి ఇటు చూసింది. దుర్గవ్వ ఏరిన రాళ్లు గుప్పిట్లో పట్టుకుని బయట పారేసి వచ్చింది.

చలికాలమంతా మంచిగానే గడిచింది. మూడు గంటలకోసారి పిల్లకు ఏదో ఒకటి తినిపించడం దుర్గవ్వ పని. గడియారం చూడడం రాని మనిషి, గని సైరన్లను బట్టి లెక్క పెట్టుకునేది. సైరన్ కూడా సరిగ్గా వినపడక షకీలాను అడిగేది. రోజూ మధ్యాహ్నం అరుగు మీద ఎండలో కూర్చుని మనవరాలి కాళ్లకు నువ్వులనూనె రాసి పిసికేది. భూమిక ఆమె చెవి దగ్గర నోరు పెట్టి ఏవేవో చెప్పేది. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో మహేశ్వరికి తెలియదు. ఆమె బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఆ ముచ్చట్లు అయిపోయేవి.

ఒక్కటి మాత్రం ఆమె గమనించింది. ఆ చలికాలం నడుమ ఒక వారం రోజులు దుర్గవ్వ సరిగ్గా అన్నం తినలేదు. అడిగితే పన్ను నొప్పి అంది.

*

జూలైలో వానలు పట్టుకున్నాయి. కాలనీలో ఇంటింటికీ జ్వరాలు. మహేశ్వరి సెలవు పెట్టి, కిటికీలకు జాలి కొట్టించి, ఎవరినీ గడప తొక్కనీయకుండా కాపలా కాసింది. అయినా వచ్చింది. మంగళవారం పొద్దున భూమిక నుదురు కాలుతున్నది. పది గంటలకల్లా కరీంనగర్‌లో చేర్చారు. హైదరాబాద్ డాక్టరమ్మ ఫోన్‌లో చెప్తుంటే ఇక్కడి డాక్టర్లు రాసుకుని అన్నీ చేశారు. గ్లూకోజ్ ఎక్కించారు, మందులు మార్చారు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు. అది మహేశ్వరికి తర్వాత కూడా తెలుసు. తిట్టుకోవడానికి కూడా మనిషి దొరకలేదు.

సీసాలో చక్కెర బొట్టు బొట్టుగా పిల్ల ఒంట్లోకి దిగుతుంటే ఆమె చూస్తూ కూర్చుంది. అది రక్తంలోకి పోతుంది, కణం గడప దాకా పోతుంది, లోపల తీసుకునేవాళ్లు లేరు. ఇంత తెలియకపోయినా బాగుండేది అనిపించింది. పక్క మంచం తల్లి దేవుడికి మొక్కుకుంటున్నది, ఆమెకు ఆ పని ఉంది.

గురువారం భూమికకు రెండుసార్లు మూర్ఛ వచ్చింది. శుక్రవారం పొద్దున కాస్త తెలివిలోకి వచ్చి, "అమ్మా, నా రికార్డు బుక్కుల బొమ్మలు వెయ్యాలె, మూడు మిగిలినయి" అంది. "నేనేస్త బిడ్డా" అంది మహేశ్వరి. "నువ్వేస్తే సార్ గుర్తుపడ్తడు. నీ గీతలు పెద్దగ ఉంటయి." అదే చివరి మాట. మధ్యాహ్నం మూడు గంటలకు గుండె ఆగింది. నిరంజన్ అప్పుడే కింద మందులు తీసుకుని మెట్లెక్కి వస్తున్నాడు.

దుర్గవ్వ ఏడవలేదు. పిల్ల పాదాలు రెండూ పట్టుకుని కూర్చుంది. తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

*

పదకొండో రోజు కర్మ అయ్యాక, మరుసటి పొద్దున దుర్గవ్వ స్నానం చేసి తెల్లచీర కట్టుకుని వాకిట్లో నిలబడింది.

"మన ఊరికి పోదాం నడువ్."

"ఇప్పుడెందుకవ్వా?"

"పనుంది."

కరీంనగర్‌లో బస్సు మారారు. చొప్పదండి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక దుర్గవ్వ చెప్పడం మొదలుపెట్టింది. చెవులు వినపడని మనిషి గొంతు తగ్గించలేదు. బస్సంతా వింటున్నది.

"నాకు ఎర్కేనే మహేశూ. చలికాలంల చెప్పింది బిడ్డ. దాని కాళ్లు పిసుకుతున్న. మీ మామ గూడ గిట్లనే కాళ్లు గుంజుతున్నయి అనేటోడు, నేను కొట్టేదాన్ని అన్న. అది నా చెవుల చెప్పింది. అమ్మమ్మా, మామ పనిదొంగ కాడు, ఆయనకు గూడ నాకున్నదే ఉండె అని. నేను చెప్పిన్నని అమ్మకు చెప్పకు అన్నది."

మహేశ్వరి తల్లి చెవి దగ్గరికి వంగింది. "మరి నాతోని ఎందుకు అనలేదవ్వా?"

"నువ్వు నా కోసమని గంత గట్టిగ అబద్ధమాడినవ్. ఆడనీ అనుకున్న."

బస్సు ఎక్కడో ఆగింది, కదిలింది.

"నా కడుపుల నుంచే వచ్చిందట గదా, ఇద్దరికి."

"నీకు మీ అవ్వ నుంచి వచ్చింది. ఆమెకు ఆమె అవ్వ నుంచి. దాంట్ల ఎవరి తప్పు లేదవ్వా."

దుర్గవ్వ కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "మా అవ్వ నన్నెన్నడు కొట్టలే."

ఊళ్లో దిగాక దుర్గవ్వ ఎటూ చూడకుండా తమ పాత వాడకట్టుకు నడిచింది. ఇల్లు అమ్మేసి చాన్నాళ్లయింది. ఆమె వచ్చింది ఇంటి కోసం కాదు. మొదట ఎదురింటి కిష్టవ్వ వాకిట్లోకి పోయింది. కిష్టవ్వకు ఎనభై దాటాయి. మంచంలోనే కూర్చుని, వచ్చిందెవరో గుర్తుపట్టి చేతులు పట్టుకుంది.

"అక్కా, ఒక ముచ్చట చెప్పి పోదామని వచ్చిన" అంది దుర్గవ్వ. "మా విజయేందర్ పనిదొంగ కాడు. వానికి ఒంట్ల బలం పుట్టకపోయేది. రోగమది. డాక్టర్లు చెప్పిండ్రు."

కిష్టవ్వ కళ్లు చికిలించి ఆలోచించింది. "విజయేందర్ అంటె? నీకు కొడుకుండెనా దుర్గా?"

దుర్గవ్వ వినపడలేదన్నట్టు చూసింది. కానీ వినపడింది. మహేశ్వరికి ఆమె ముఖంలో తెలిసింది.

రెండో ఇంట్లో వేరే ఊరి నుంచి వచ్చిన కోడలు ఒక్కతే ఉంది. పాపం ఎవరో బాధలో ఉన్నారని కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. దుర్గవ్వ ఆమెకు కూడా చెప్పింది. మూడో ఇంటికి తాళం. బడి సారు ఇంటికి పోతే, సారు పోయి తొమ్మిదేళ్లయిందని ఆయన కొడుకు అంబదాస్ చెప్పాడు. దుర్గవ్వ గోడ మీద సారు ఫొటో ముందు నిలబడి, దండ వేసిన ఆ ముఖానికి కూడా అదే మాట చెప్పింది. "సారూ, వాడు కావాలని కూసునేది కాదు." అంబదాస్ ఏమీ అర్థంగాక మహేశ్వరి వైపు చూశాడు. ఆమె చేతులు జోడించింది.

"ఇగ చాలు నడువవ్వా. ఎవ్వరికి యాదికి లేదు" అంది బయటికి వచ్చాక. ఎండ నెత్తి మీదికి వచ్చింది. తల్లి కాళ్లు తడబడుతున్నాయి.

"యాదికి లేకుంటే మంచిదే. యాదికున్నోళ్లకు చెప్పాలె" అంది దుర్గవ్వ, ఆగకుండా.

బడి ఎదురుగా ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. చేతులకు గ్రీజు పూసుకుని ఒకతను బయటికి వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. దుర్గవ్వను చూసి, "పెద్దమ్మా, నువ్వు విజయేందర్ వాళ్ల అవ్వవు గదా" అన్నాడు. వాళ్లు చెప్పకముందే ఆ పేరు పలికినవాడు ఊళ్లో అతనొక్కడే. పేరు పోశం. అయిదో తరగతి నుంచి విజయేందర్‌తో కలిసి చదివాడు.

దుర్గవ్వ తాను చెప్పాల్సింది చెప్పింది. పోశం విన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నేల చూస్తూ చెప్పాడు.

"బడికి పోయేటప్పుడు ప్రతి మూల మీద ఆగేటోడు పెద్దమ్మా. కాలు ఎత్తి ముల్లు ఇరిగింది అనేటోడు. నేను సూసేటోన్ని. ముల్లుండకపోయేది. ఏడున్నదిరా ముల్లు అంటే, లోపటికి పోయింది అనేటోడు. చాతనైతలేదని ఎవ్వరికి తెల్వద్దని గట్ల చేసేటోడేమో. మేం నవ్వేది. నేను గూడ పనిదొంగ అన్న వాన్ని. రెండు మూడు సార్లు నూకేసిన గూడ."

"ఏమన్నడు?" అని దుర్గవ్వ కూతురి వైపు తిరిగింది. పోశం మెల్లగా మాట్లాడాడు, ఆమెకు ఒక్క ముక్క వినపడలేదు.

మహేశ్వరి తల్లి చెవి దగ్గర నోరు పెట్టింది. ఒక్క మాట కూడా తగ్గించకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. ముల్లు సంగతి కూడా, నూకేసిన సంగతి కూడా.

అప్పుడు ఏడ్చింది దుర్గవ్వ. షెడ్డు ముందున్న పాత టైరు మీద కూర్చుని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "ముల్లు ఇరిగింది అనేటోడట, నా కొడుకు, ముల్లు ఇరిగింది అనేటోడట" అంటూ. ఇరవై తొమ్మిదేళ్ల కిందట పోయిన కొడుకు కోసం, పన్నెండు రోజుల కిందట పోయిన మనవరాలి కోసం ఒకేసారి ఏడ్చింది. మహేశ్వరి ఆపలేదు. పక్కన నేల మీద కూర్చుని తల్లి మోకాలికి తల ఆనించి తనూ ఏడ్చింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసి పోతున్నారు. పోశం లోపలి నుంచి నీళ్లు తెచ్చి నిలబడ్డాడు.

చాలాసేపటికి దుర్గవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"ఇంక యాడికి పెద్దమ్మా?"

"ఇంక నాలుగిండ్లున్నయి బిడ్డా. నాట్లకు వచ్చినోళ్లు. ఆ దినం అన్నం కోసం ఎదురుచూసినోళ్లు."

పోశం షెడ్డు తలుపు దగ్గరికి వేశాడు. చేతిలో గుడ్డ అక్కడే తగిలించి, ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "నడువు, నేను గూడ వస్త."

ముగ్గురూ చెరువు వైపు వాడకట్టుకు పోయారు. మొదటి ఇంటి ముందు ఒక ముసలామె చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. తల ఎత్తి ఎవరని అడిగింది. దుర్గవ్వ నోరు తెరిచేలోపే పోశం చెప్పడం మొదలుపెట్టాడు.